చెప్పు జారిన సంగతి తెలియని పాదము

చీకటి పడిన తరువాత పెరటిలోనికి పోయి కాళ్లు కడుగుకొని తిరిగివచ్చిన మనుష్యుని చూచి, ఇంటి ఇల్లాలు, "రెండో చెప్పేదండీ?" అని అడిగినపుడు, అతడు తన పాదముల వంక చూచుకొని, ఎడమకాలి చెప్పు త్రోవలో ఎక్కడనో జారిపోయినదనియు, ఆ సంగతి తనకు లేశమైనను తెలియలేదనియు గ్రహించి, పరధ్యానమనుకొని ఊరకుండును. మరికొన్ని దినములకు, తెల్లవారుజామున ముఖము కడుగుకొనుచు, సబ్బునురుగు కండ్లలో పడకుండుటకై రెప్పలు మూసికొనగానే నేల కదలినట్లయి, అతని చేయి గోడను వెదకుకొనును. పిమ్మట బస్సు మెట్టెక్కుటకు కాలు లేవదు, మోకాళ్లు కొయ్యబారినట్లుండును, మూత్రమునకు పోవలెనన్న తలంపు వచ్చుటకును దొడ్డికి చేరుటకును నడుమ వ్యవధి చాలదు. నొప్పి లేదు, జ్వరము లేదు, దెబ్బ తగిలిన గుర్తు లేదు. నొప్పి లేనందువలననే అతడు వైద్యుని చూచుటలో నెలలకు నెలలు జాగుచేయును. అతడు ఏఆర్‌టీ కేంద్రములో హెచ్‌ఐవీని అణచు మందులు తీసికొనుచున్నవాడైనచో, "ఈ జబ్బున్నవాళ్లకి నీరసం మామూలే కదా" అను మాట ఇంటివారికిని, అతనికిని, ఒక్కొక్కప్పుడు వైద్యునికిని కూడ చాలిన సమాధానముగా తోచును.

ఆ సమాధానము చాలదని చెప్పుట ఈ అధ్యాయముయొక్క ఉద్దేశము. హెచ్‌ఐవీతో జీవించువారికి కాళ్లు పట్టుతప్పినపుడు, ఆ తప్పుటకు శరీరములో ఒక చోటు ఉండును; ఆ చోట ఒక హేతువు ఉండును; ఆ హేతువులలో పెక్కింటికి నేడు మందు కలదు, మందు లేని కొన్నింటికిని సంరక్షణ కలదు. కావున, హేతువును వెదకకుండ "ఇంతే" యని వదలివేయుట అట్టి రోగికి జరుగు అపకారములలో మొట్టమొదటిది.

వెన్నులోని పోగులు

మనము వాడుకలో నడుము, వెన్ను, వెన్నుపూస అను మాటలను కలిపివేయుదుము గాని, వెన్నెముక వేరు, దాని నడిమి సొరంగములో మెదడునుండి దిగివచ్చు వెన్నుపాము వేరు. మొదటిది ఎముకల కోట. రెండవది ఆ కోటలో భద్రముగా సాగు నాడీమార్గము. పెరిగిన మనుష్యునిలో వెన్నుపాము పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, లావు చిటికెనవ్రేలంత. నడుము పైభాగమునకు వచ్చుసరికే అది ముగియును. దానినుండి 31 జతల నాడులు వెడలి చేతులకును, మొండెమునకును, కాళ్లకును పోవుచున్నవి. ఇంత సన్నని త్రాటిలో, సాలెమగ్గముపై పడుగుపోగులవలె, లక్షలకొలది నాడీతంతువులు ప్రక్కప్రక్కనే సాగియుండును. ఏ పోగుల గుంపు ఏ పని చేయునో, ఏ వైపున నడచునో, శాస్త్రజ్ఞులు శతాబ్దమునకు పైగా పరిశీలించి నిర్ణయించియున్నారు.

వెనుకవైపు కట్టలోని పోగులు, పాదము క్రింద నేల ఎత్తుగా ఉన్నదా పల్లముగా ఉన్నదా, బొటనవ్రేలు పైకి వంగియున్నదా క్రిందికి వంగియున్నదా, చర్మమును మృదువుగా తాకినదేమి అను వార్తలను క్షణక్షణము మెదడునకు చేరవేయును. ప్రక్క కట్టలోని పోగులు మెదడు ఆజ్ఞలను కండరములకు దింపును. నొప్పి, వేడి, చలువ అను వార్తలకు ముందువైపున వేరొక త్రోవ కలదు. ఈ ఏర్పాటు తెలిసినపుడు చెప్పు కథలోని ముడి విడిపోవును. వెనుక కట్ట చెడినవాని పాదమునకు ముల్లు గ్రుచ్చిన నొప్పి తెలియవచ్చును గాని, పాదము ఎక్కడ ఉన్నదో తెలియదు. వెలుతురున్నంతసేపు కన్ను ఆ కొరతను తీర్చుచుండును. చీకటి పడినను, రెప్పలు మూసికొన్నను ఆ సాయము తొలగి మనుష్యుడు తూలును. పందొమ్మిదవ శతాబ్దములో రోంబర్గ్ అను జర్మను వైద్యుడు ఈ తూలుటనే పరీక్షగా చేసెను. నేటికిని అది ఆయన పేరనే చెలామణి అగుచున్నది.

మరి కాళ్లు బిగుసుకొనుట ఎందువలన? వెన్నుపామునకు స్వతంత్రముగా కండరములను ముడిచివేయు శక్తి ఒకటి కలదు; దానిని మెదడు నిరంతరము అదుపులో ఉంచుకొనును. ప్రక్క కట్ట చెడినపుడు ఆ అదుపు సడలి, కళ్లెము తెగిన గుఱ్ఱమువలె ఆ శక్తి విజృంభించును. బలము తగ్గినను బిగువు పెరుగును. ఒకే కాలిలో దౌర్బల్యమును బిరుసుతనమును కలసియుండుట వెన్నుపాము వ్యాధిలోని విచిత్రము.

ఇవి తెలిసికొనుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. వైద్యుడు శృతిదండమును మ్రోగించి రోగి చీలమండపై ఆనించి, "ఇప్పుడేం తెలుస్తోంది?" అని అడుగును. "ఏదో చల్లగా ఆనినట్టుందండీ" అని రోగి చెప్పును. అదే దండమును మెడ క్రింది ఎముకపై ఆనించినపుడు, "ఆఁ, ఇక్కడ గుయ్యిమంటోందండీ!" అని అతడు తానే ఆశ్చర్యపడును. ఒకే దండము, ఒకే మ్రోత. పైన వినబడినది క్రింద వినబడలేదు. తరువాత తాళపుచెవి కొనతో అరికాలిని మడమనుండి వ్రేళ్లవైపు గీసినచో, బొటనవ్రేలు క్రిందికి ముడుచుకొనుటకు మారుగా మెల్లగా పైకి లేచును. 1896లో బాబిన్‌స్కీ అను వైద్యుడు చెప్పిన ఈ గుర్తు, లోపము కాలిలో లేదు, నాడిలో లేదు, పైనున్న రాజమార్గములో ఉన్నదని సాక్ష్యమిచ్చును. అయిదు నిమిషముల ఈ పరీక్ష జరుగనందువలన ఎందరి వెన్నుపాము వ్యాధి నీరసమను పేరుతో నడచిపోవుచున్నదో తలచుకొన్న బాధ కలుగును.

అట్టులో చిల్లులు

ఎయిడ్స్ వ్యాధి వైద్యలోకము దృష్టికి వచ్చినది 1981లో. దానికి కారణమైన వైరసును పారిస్ నగరములో ఫ్రాంస్వాజ్ బారె-సినూసీ, ల్యూక్ మోంటాన్యే ప్రభృతులు కనుగొన్నది 1983లో. మరి రెండేండ్లకు, 1985లో, కేరొల్ పెటిటో అను వ్యాధిశాస్త్రవేత్తయు ఆమె సహచరులును, ఎయిడ్స్‌తో మరణించిన 89 మంది దేహములను పరీక్షించి, వారిలో 20 మంది వెన్నుపాములయందు ఒకేవిధమైన వికారమును చూచినట్లు ప్రకటించిరి. ఆరోగ్యవంతుని వెన్నుపామును అడ్డముగా కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో తెల్లని భాగము నిండుగా, గట్టిగా నేసిన బట్టవలె కనబడును. ఈ రోగులలో అది, పులిసిన పిండితో పెనముపై పోసిన అట్టువలె, చిన్నవియు పెద్దవియు నగు చిల్లులతో నిండియుండెను. నాడీతంతువును చుట్టియుండు మైలిన్ అను కొవ్వు తొడుగుయొక్క పొరలు విడిపోయి, నడుమ నీరు చేరి, ఉబ్బి, ఈ రిక్తికలు ఏర్పడును. అవి అన్నిచోట్ల సమముగా ఉండవు. రొమ్ము మధ్యభాగమునకును దిగువకును సరియైన చోట, వెనుక కట్టలలోను ప్రక్క కట్టలలోను దట్టముగా ఉండును. అందుచేతనే చేతులు చాలకాలము చెక్కుచెదరక, కాళ్లును మూత్రాశయమును ముందుగా లోబడును.

చిత్రమేమనగా, వైరస్ ఆ నాడీకణములలో జొరబడి వానిని చంపుట లేదు. వెన్నుపాములోనికి వచ్చి చేరిన స్థూలభక్షక కణములను అది ఆశ్రయించును. అవి రేగి వెదజల్లు రసాయనములు మైలిన్‌కు హాని చేయుననియు, ఆ హానిని మరమ్మతు చేసికొను జీవరసాయన వ్యాపారము కూడ అక్కడ కుంటుపడుననియు పరిశోధకుల భావన. మరమ్మతునకు కావలసిన ముడిసరకు అందించినచో మేలు కలుగునేమో యని మెథియొనిన్ అను అమైనో ఆమ్లమును రోగులకిచ్చి చూచిరి. ఆశించినంత ఫలము సిద్ధింపలేదు.

పెటిటో బృందము తమ వ్యాసపు పేరులోనే వేరొక పాతవ్యాధితో దీనికి గల పోలికను సూచించిరి. అది బీ12 విటమిను లోపమువలన కలుగు వెన్నుపాము క్షీణత. 1900లో లండనులో రస్సెల్, బాటెన్, కోలియర్ అను మువ్వురు వైద్యులు వర్ణించినది. ఈ పాతవ్యాధి చరిత్రలో తెలుగువారు గుర్తుంచుకొనవలసిన ఘట్టమొకటి కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వమున, 1945లో, అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. రక్తహీనతకు అది దివ్యౌషధమైనది. కాని బీ12 లోపమువలన రక్తము చెడిన రోగులకు ఫోలిక్ ఆమ్లమును మాత్రమే ఇచ్చినపుడు, రక్తము కోలుకొన్నను వెన్నుపాము క్షీణించుచునే పోవుట కొద్ది సంవత్సరములలోనే వైద్యులు గమనించిరి. 1948లో బీ12 వేరుపడిన తరువాత ఆ క్షీణతకు సూటియైన ఔషధము చేతికి వచ్చెను. ఆ అనుభవము నేర్పిన పాఠము నేటికిని ఈ రోగులకు వర్తించుచున్నది: పైకి కనబడు రక్తము బాగుపడినంత మాత్రమున లోపలి నాడి బాగుపడినదని తలంపరాదు; మరియు హెచ్‌ఐవీ ఉన్నవాని కాళ్లు బిగిసినచో మొట్టమొదట బీ12 చూడక మానరాదు. ఏలయన రెండు వ్యాధులును సూక్ష్మదర్శినిలో కవలలవలె ఉండును. వానిలో ఒకదానిని సూదిమందుతో నిలుపవచ్చును.

హేతువుల వేట

రిక్తికల వ్యాధికి నిశ్చయముగా చెప్పగల రక్తపరీక్ష లేదు. ఎమ్మారై స్కానింగులో వెన్నుపాము కొంత సన్నబడినట్లు కనబడవచ్చును. పెక్కుసారులు ఏమియు కనబడదు. కనుక ఇతరములైన హేతువులనన్నింటిని ఒక్కటొక్కటిగా త్రోసిపుచ్చిన మీదటనే ఆ పేరు పెట్టవలయును. త్రోసిపుచ్చవలసిన వానిలో కొన్ని గడియలలోను దినములలోను ముదురునట్టివి, మందుకు లొంగునట్టివి అగుటవలన, ఈ వేటయే చికిత్సలో సగము.

మన దేశములో అన్నింటికంటె ముందుగా తలంపవలసినది వెన్నుపూస క్షయ. 1779లో పెర్సివల్ పాట్ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు, వెన్ను వంకరపోయి కాళ్లు చచ్చుబడు వ్యాధిని వర్ణించి ప్రకటించెను. దానికి మూలమైన సూక్ష్మజీవిని కోక్ అను శాస్త్రజ్ఞుడు 1882లో కనుగొనెను. హెచ్‌ఐవీవలన రోగనిరోధకశక్తి తగ్గినవారికి క్షయ రేగు అవకాశము అనేక రెట్లు అధికము. క్షయ రెండు పూసల నడిమి పలుచని బిళ్లను, దానికి ఆనియున్న ఎముకను తినివేయును. పూస కూలి ముందుకు వ్రాలును. వెనుక చిన్న గూని పొడుచుకొనివచ్చును. చీము చేరి వెన్నుపామును నొక్కును. ఇక్కడ నొప్పి ఉండును, అదియు రాత్రివేళ హెచ్చగును. సాయంకాలము జ్వరము, చెమట, బరువు తగ్గుట తోడగును. వీపుపై వ్రేలితో ఒక్కొక్క పూసనే తట్టుచు పోయినచో, ఒకచోట రోగి ఉలికిపడును. నొప్పి లేని రిక్తికల వ్యాధికిని దీనికిని గల భేదము ఇచ్చటనే బయటపడును. క్షయకు మందు కలదు. మన జాతీయ కార్యక్రమములో ఎముక క్షయకు సంవత్సరకాలమో, అవసరమైనచో అంతకు మించియో మందులిత్తురు. పూర్వము ఇట్టి రోగులనందరిని కోసి చీము తీయవలెనను పక్షమును, కోయనేకూడదను పక్షమును ఉండగా, బెనారస్‌లో పనిచేసిన ఎముకల వైద్యుడు ఎస్.ఎం. తులి, ముందు మందులిచ్చి కనిపెట్టుచు, మందులకు లొంగనివారికిని, బలహీనత పెరుగుచున్నవారికిని మాత్రమే శస్త్రచికిత్స చేయు మధ్యేమార్గమును అవలంబించి, దాని ఫలితములను 1975లో ప్రకటించెను. నొక్కుబడిన వెన్నుపాము, నొక్కు తొలగినపుడు ఆశ్చర్యకరముగా కోలుకొనును. మంచమునకు అంటుకొనిపోయిన మనుష్యులు లేచి నడచిన ఉదాహరణలు క్షయ వార్డులలో పనిచేసిన వైద్యులకు కొత్తవి కావు.

తరువాతివానిని క్లుప్తముగా చెప్పుకొందము. ఒంటిపై ఒకవైపున అక్కి లేచిన కొద్దిదినములకు కాళ్ల బలము తగ్గినచో, ఆ అక్కి వైరసే వెన్నుపాములోనికి పోయియుండవచ్చును. దానికి ఎసైక్లోవిర్ సిరలోనికి ఇయ్యవలయును. రోగనిరోధకశక్తికి ఆధారమైన సీడీ4 కణముల సంఖ్య 50కి దిగినవారికి సైటోమెగలో వైరస్ నడుము క్రింది నాడీమూలములను వేగముగా చెరచును. గాన్‌సైక్లోవిర్ దానికి మందు. మన పూర్వులు సవాయి రోగమనిన సిఫిలిస్ వెన్నుపామును చెరచు రోగములలో మిక్కిలి పాతది. పెన్సిలిన్ నేటికిని దానికి సాటిలేని ఔషధము. వెన్నెముక లోపల పెరుగు లింఫోమా అను గడ్డ, టాక్సోప్లాస్మా అను పరాన్నజీవి, హెచ్‌టీఎల్‌వీ-1 అను మరియొక వైరస్, రాగి లోపము కూడ ఈ జాబితాలోనివే. ఇవిగాక, హెచ్‌ఐవీతో ఏ సంబంధమును లేని వ్యాధులు హెచ్‌ఐవీ ఉన్నవారికి రాకూడదను నియమము లేదు. నల్లగొండ, ప్రకాశము జిల్లాలలో ఏండ్లకొలది ఫ్లోరైడు నీరు త్రాగినవారి వెన్నెముక దళసరియై, సొరంగము ఇరుకై, వెన్నుపామును పిండివేయుట మనవారు చిరకాలముగా ఎరిగినదే; ఆ పల్లెలనుండి వచ్చిన రోగి చీటీపై హెచ్‌ఐవీ అని వ్రాసియున్నంత మాత్రమున అతడు త్రాగిన నీటిని గూర్చి అడుగుట మరచిపోరాదు.

ఈ వేటలో మూడు సాధనములు ముఖ్యము. మొదటిది వెన్నునంతటిని చూపు ఎమ్మారై. నడుమును మాత్రమే తీసి తృప్తిపడుట తరచుగా జరుగు పొరపాటు, ఏలయన కాళ్ల బిగువునకు కారణము రొమ్ములోనో మెడలోనో ఉండును. రెండవది రక్తపరీక్షలు: బీ12, సిఫిలిస్, సీడీ4, వైరల్ లోడ్ (రక్తములోని వైరస్ పరిమాణము). మూడవది వెన్నులోనుండి నీరు తీసి పరీక్షించుట. దీనిని గూర్చి మనవారిలో భయము మెండు. "వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయట" అని ఎందరో వెనుదీయుదురు. వెన్నుపాము ముగిసిన చోటికి దిగువననే సూది గ్రుచ్చుదురు గనుక, సూదివలన వెన్నుపామునకు గాయమగునను భీతి అక్కరలేదు. స్కానింగులో నొక్కు లేదని చూచుకొనియే వైద్యులు ఆ పనికి పూనుకొందురు.

ఒక హెచ్చరికను ఇచ్చటనే చెప్పవలయును. కాళ్ల బలము గంటలలోనో, రెండు మూడు దినములలోనో తగ్గిపోయినను, మూత్రము ఒక్కసారిగా బిగిసినను, కూర్చుండు చోట స్పర్శ పోయినను, రొమ్ముచుట్టు పట్టీ బిగించినట్లున్నను, జ్వరముతో కూడిన వెన్నునొప్పి ఉన్నను, తరువాతి నెల ఏఆర్‌టీ తేదీవరకు ఆగక, ఆనాడే పెద్దాసుపత్రికి పోవలయును.

మందు చేయు పని

హేతువు ఏదైనను, హెచ్‌ఐవీని అణచు మందులు చికిత్సకు పునాది. భారతదేశములో ఈ వైరస్ జాడను 1986లో మద్రాసులో సునీతి సాలమన్, నిర్మల అను వైద్యురాండ్రు కనుగొనిరి. నాడు దానికి మందు లేదు. 2004 ఏప్రిల్ 1నుండి ప్రభుత్వము ఏఆర్‌టీ మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. 2017నుండి సీడీ4 సంఖ్యతో నిమిత్తము లేకుండ, వ్యాధి తెలిసిన ప్రతివారికిని వెంటనే మందు మొదలుపెట్టుచున్నారు. ప్రపంచములోని బీదదేశములకు పోవు ఈ మాత్రలలో గణనీయమైన భాగము హైదరాబాదు ఔషధ కర్మాగారములనుండియే పోవుచున్నది. వెన్నుపాము విషయములో ఈ మందుల గొప్పతనము రెండు విధములు. రిక్తికల వ్యాధి సాధారణముగా సీడీ4 బాగుగ తగ్గినవారికి వచ్చునది కనుక, తొలినుండి మందు తప్పనివారికి అది అరుదు. వచ్చినవారిలో మందు మొదలుపెట్టినచో అనేకులకు వ్యాధి ముందుకు సాగక నిలుచును, కొందరు కొంతవరకు కోలుకొందురు. పోయిన తంతువు మరల మొలచుట దుర్లభము. ఉన్న తంతువును కాపాడుట సాధ్యము. అందుచేత ఆలస్యమునకు చెల్లింపవలసిన మూల్యము కాళ్ల బలమే.

క్షయ కూడ ఉన్నవారి విషయములో రెండు మెలకువలు కావలయును. క్షయమందైన రిఫాంపిసిన్ శరీరములో డొలుటెగ్రావిర్ మాత్రను త్వరగా ఖర్చుచేయించును. కనుక దినమునకు ఒకసారి వేసికొను ఆ మాత్రను, క్షయ చికిత్స జరుగునంతకాలము రెండుసారులు వేసికొనవలయును. ఈ సంగతి రోగికి తెలియవలెను. ఒక కేంద్రము ఏఆర్‌టీని, మరియొక కేంద్రము క్షయమందును ఇచ్చుచుండగా, రెండు చీటీలను ఒక్కచోట పరచి చూచువాడు ఒక్కొక్కప్పుడు రోగి యొక్కడే. రెండవ మెలకువ: మందు మొదలైన కొన్ని వారములలో, నిద్రలేచిన రోగనిరోధకశక్తి లోపల దాగిన క్రిములపై విరుచుకుపడి వాపు కలిగింపవచ్చును, అప్పుడు కాళ్ల బలము మునుపటికంటె తగ్గినట్లుండును. "మందు పడలేదు" అని రోగి దానిని మానివేయుట ప్రమాదకరము. వైద్యుడు వాపును తగ్గించు స్టెరాయిడ్లు ఇచ్చి, మూలచికిత్సను చాలవరకు కొనసాగించియే ఆ గండమును దాటించును.

కాళ్ల బిగువునకు బాక్లోఫెన్, టిజానిడిన్ అను మందులు కలవు. వీనిని కొద్దిగా మొదలుపెట్టి మెల్లగా పెంచవలయును. బాక్లోఫెన్‌ను ఒక్కసారిగా మానరాదు. బిగువును పూర్తిగా తీసివేయుట కూడ మేలు కాదు. బలము తగ్గిన కాలిని నిలువబెట్టుచున్నది ఒక్కొక్కప్పుడు ఆ బిగువే; దానిని కరగించినచో అంతవరకు పట్టుకొని నడచుచున్నవాడు కూలబడును. ఎంత బిగువు శత్రువో, ఎంత బిగువు మిత్రమో, నడిపించి చూచిగాని నిర్ణయింపరాదు. ఉదయము, సాయంకాలము పిక్కలను, తొడల వెనుక కండరములను సాగదీయుట, ఆసరాతో లేచి నిలుచుట, చేతికఱ్ఱను సరియైన ఎత్తునకు కోయించుకొనుట అను పనులు ఫిజియోథెరపిస్టు నేర్పును, ఇంటివారు కొనసాగింపవలయును.

ఇంటిలోని వైద్యము

రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము వెన్నుపాము చెడినవారిలో అధికసంఖ్యాకులు కాళ్ల దౌర్బల్యమువలన మరణింపలేదు. పడకపుండ్లు కుళ్లియు, మూత్రము నిలిచి మూత్రపిండములు చెడియు మరణించిరి. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్మన్ అను వైద్యుడు, గాయపడిన సైనికులను పగలును రాత్రియు రెండుగంటల కొకసారి ప్రక్కకు త్రిప్పించు నియమము పెట్టి, ఆ మరణములను చాలవరకు తగ్గించి చూపెను. ఆ నియమమునకు యంత్రము అక్కరలేదు. రెండు చేతులు, ఒక గడియారము చాలును. మడమలు, పిరుదులు, తుంటి ఎముకలు దినమున కొకసారి వెలుతురులో చూచుకొనవలయును. ఎఱ్ఱనై వ్రేలితో ఒత్తినను తెల్లబడని మచ్చ పుండునకు తొలి గుర్తు.

మూత్రాశయము సంగతి ఇంకను సున్నితము. తొందరగా వచ్చు మూత్రమునకు మాత్రలున్నవి. కాని లోపల ఎంత మిగిలిపోవుచున్నదో స్కానింగుతో కొలువక వానిని వాడినచో, వచ్చుచున్న మూత్రమును నిలిచిపోవచ్చును. మిగులుచున్నచో, నాలుగైదు గంటలకొకసారి సన్నని గొట్టముతో తామే మూత్రము తీసికొనుట మంచి పద్ధతి. 1972లో జాక్ లాపిడెస్ అను అమెరికా వైద్యుడు, దీనికి శస్త్రచికిత్సనాటి శుద్ధి అక్కరలేదనియు, సబ్బుతో కడిగిన చేతులు, శుభ్రమైన గొట్టము చాలుననియు చూపినపుడు పలువురు నమ్మలేదు. నేడది లోకమంతట ఆచారమైనది. మూత్రమునకు భయపడి నీరు త్రాగుట మానుట మన స్త్రీలలో మిక్కిలిగా కనబడు అలవాటు. దానివలన ఇన్ఫెక్షను, మలబద్ధకము రెండును పెరుగును. దాంపత్యమునకు సంబంధించిన దౌర్బల్యము కూడ ఈ వ్యాధి లక్షణములలో ఒకటి. దానిని మనస్సుకు అంటగట్టుకొని క్రుంగిపోక వైద్యునితో చెప్పవలయును, ఏలయన దానికి మందులున్నవి, అయితే కొన్నిరకముల ఏఆర్‌టీతో అవి పొసగవు గనుక అంగడిలో స్వయముగా కొనరాదు.

తోడుండువారి భయమును గూర్చియు ఒక మాట. మూత్రమువలన, చెమటవలన, ఒంటిని పట్టి లేవనెత్తుటవలన హెచ్‌ఐవీ సోకదు. రక్తము, పుండు తాకవలసివచ్చినపుడు చేతితొడుగు వేసికొనిన చాలును. కుటుంబములో ఒకరు ఈ సంగతి తెలిసికొన్నచో, రెండుగంటల కొకసారి ప్రక్కకు త్రిప్పు చేతులు వెనుకాడవు. ఆసుపత్రులలో సైతము శస్త్రచికిత్స బల్లవరకు వచ్చిన రోగిని ఏదో మిషతో వెనుకకు పంపుట ఎన్నడును జరుగలేదని చెప్పజాలము. అందుకే 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ చట్టము, 2018 సెప్టెంబరు 10నుండి అమలులోనికి వచ్చి, ఈ కారణమున వైద్యము నిరాకరించుటను, అనుమతి లేక రోగి సంగతి బయటపెట్టుటను నిషేధించినది. నొక్కుబడిన వెన్నుపాము వారములకొలది నిరీక్షింపజాలదు. వైద్యుని సంకోచమునకు ఆ రోగి తన కాళ్లతో మూల్యము చెల్లించును.

చిత్తూరు, నెల్లూరు సీమలనుండి తరతరములుగా మనవారు చికిత్సకై పోవు వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో మేరీ వర్గీస్ అను వైద్యురాలుండెను. 1954లో జరిగిన ప్రమాదములో ఆమె వెన్నుపాము తెగి కాళ్లు పూర్తిగా పోయెను. ఆమె చక్రపుకుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్స చేసెను. పునరావాస వైద్యము నేర్చుకొని వచ్చి, 1966లో అక్కడనే, కాళ్లు పోయినవారు కొంతకాలముండి బ్రతుకు నేర్చుకొనుటకై ఒక పునరావాస కేంద్రమును తెరిపించెను. ఆమె వ్యాధి వేరు, నేను చెప్పుచున్న రోగుల వ్యాధి వేరు. కాని వెన్నుపాము చెడిన మనుష్యుడు ఏమి చేయగలడు అను ప్రశ్నకు ఆమె జీవితముకంటె నమ్మదగిన ఉత్తరము నాకు కనబడదు.

మొదట చెప్పిన మనుష్యుని యొద్దకు మరల పోవుదము. అతని శృతిదండ పరీక్ష జరిగినది. వెన్నంతటికి ఎమ్మారై తీసిరి. నొక్కు లేదు, క్షయ లేదు. బీ12 కొంచెము తక్కువైనందున సూదులు మొదలుపెట్టిరి. వైరల్ లోడ్ చూడగా, మందులు సరిగ వేసికొనుటలేదని తేలినది. కూలిపనికి పోవు దినములలో మాత్ర తప్పుచున్నదట. ఇప్పుడు రాత్రి అన్నము తినగానే మాత్ర వేసికొనుచున్నాడు, ఇల్లాలు గుర్తుచేయుచున్నది. ఇట్టివాని కాళ్లు పూర్వపు కాళ్లు కాకపోవచ్చును. అయినను క్రిందికి పోవుచున్న దారిలో అతడు నిలిచినాడు. ఫిజియోథెరపిస్టు అతనికి చెప్పిన వానిలో రెండు మాత్రము మిక్కిలి చిన్నవి: పెరటి దారిలో రాత్రి దీపము ఆర్పవద్దనియు, వ్రేలిసందున పట్టియుండు హవాయిచెప్పులు మాని, మడమ వెనుక పట్టీ ఉన్న చెప్పులు కొనుక్కొమ్మనియు. తన చోటు తాను తెలిసికొనలేని పాదమునకు ఆ దీపము కన్నుగా నిలుచును. ఆ పట్టీ, చెప్పును జారనీయక పట్టుకొనును.